భుజం మీద చెయ్యి

మేడ్చల్ బంగళాకు దానమ్మను పిలవడం ఇదే మొదలు కాదు. పిలిచిన ప్రతిసారీ షామీర్‌పేట చెరువు అవతలి ఊరి నుంచి తెల్లారకముందే బయలుదేరి, నడిచి నడిచి వచ్చి, పొద్దుగూకే దాకా చింతచెట్టు కింద కూర్చునేది. "ఆఫీసరు సాహెబు రాలేదు, పోయి మళ్లీ రా" అనిపించుకుని తిరిగిపోయేది. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది, ఊళ్లలో జరిగిన హత్యల మీద విచారణ అన్నారు. ఆ విచారణేదో తమ ఊరికే రావచ్చు కదా అని ఎవరైనా అడిగితే బాగుండేది. అడిగే ఓపిక ఎవరికుంది? చచ్చిన మోషే అదృష్టవంతుడు, ఈ తిరుగుడు తప్పించుకున్నాడని ఒక్కోసారి మొగుడి మీద ఆమెకు కోపం కూడా వచ్చేది.

కిందటి వానాకాలం మోషే పోలీసు పటేలు ముత్యంరెడ్డి ఇంటికి వెట్టికి రానన్నాడు. ఒంట్లో బాగాలేదనో, బిడ్డ పెళ్లనో సాకు చెప్పి ఉంటే బతికేవాడేమో. ఉత్తగా "రాను" అన్నాడు. రజాకార్లు ఊళ్లో దిగినప్పుడు పటేలు వాళ్లకు అతన్ని వేలుపెట్టి చూపించాడు. తీసుకుపోయిన బండి ఊళ్లో బండి తోలుకునే మన్నాన్‌ది. ఎడ్లు కట్టకపోతే నిన్నే కాలుస్తామంటే కట్టాడు. మోషేను తూంకుంట దిక్కుగా తీసుకుపోయి కాల్చి, దారిపక్కన పారేసి వాళ్లు వెళ్లిపోయారు. మన్నాన్ ఒక్కడే శవాన్ని బండిలో వేసుకుని, తన గొంగడి కప్పి, మాదిగవాడలో ఆమె గుడిసె ముందు దించాడు. దించేటప్పుడు పసిపిల్లవాడికి పెట్టినట్టు తల కింద చెయ్యి పెట్టాడు. దానమ్మ అది మరిచిపోలేదు.

ఇప్పుడు నేరమంతా మన్నాన్ నెత్తిన పడింది, అతన్ని పట్టుకుపోయి లోపల వేశారు. బండి అతనిది, మతం రజాకార్లది. ఇంకేం కావాలి?

విచారణ ముందురోజు పటేలు వాడ పొలిమేరలో నిలబడి ఆమెను కేకేశాడు.

"దానీ, రేపు మన్నాన్ మీద చెయ్యి పెట్టు. నీ గుడిసె జాగ నా పట్టాల ఉన్నదని ఎరుకే గద?"

"ఎరుకే దొరా."

"పెట్టకుంటె ఎటు పోతవో సోంచాయించుకో."

బంగళా ముందు మనుషులను వరుసగా నిలబెట్టారు. సాక్షి నోటితో చెబితే చాలదు, నేరం చేసినవాడి భుజం మీద చెయ్యి వేసి చూపించాలి. అదీ అక్కడి పద్ధతి. ఊరి మనుషులను పిలిచి నిలబెట్టే పని పోలీసు పటేలుది కనుక ముత్యంరెడ్డి కొత్త పాగా చుట్టుకుని, వరుస చివర, దానికి బయట పెద్దమనిషిలా నిలుచున్నాడు. కాస్త ఎడంగా నిలబడి ఉంటే సరిపోయేది. ఆ తెలివి ఆయనకు ఎక్కడినుంచి వస్తుంది? తాతల నాటినుంచి ఆ వాడవాళ్లు తన ఇంటివాళ్లు ఎదురొస్తే పక్కకు ఒదిగి నిలబడినవాళ్లే. వాళ్లు బాప్తిస్మం తీసుకున్నా ఆయన లెక్కలో అంటు అంటుగానే ఉంది. ఆ వాడ చెయ్యి తన మీదికి లేస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఆఫీసరు మద్రాసు వైపు మనిషి, మెత్తనివాడు. "చూడమ్మా, నీ భర్తను చంపినవాళ్లు గానీ చంపించినవాళ్లు గానీ ఇక్కడ ఉంటే భుజం మీద చెయ్యి వెయ్యి. భయపడకు" అన్నాడు.

దానమ్మ వరుస వెంట నడిచి మన్నాన్ ముందు ఆగింది. దవడలు పీక్కుపోయి, గడ్డం పెరిగి, గుర్తుపట్టేలా లేడు.

"నన్నే సూపియ్ అక్కా" అన్నాడు మెల్లగా. "ఇగ నాతోని గాదు. నువ్వన్న ఊర్ల బతుకు."

ఆమెకు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. మోషే చచ్చిననాడు కూడా అంత రాలేదు. కొంగుతో మొహం తుడుచుకుని ముందుకు నడిచింది. వరుస అయిపోయింది. ఆమె ఆగలేదు. కుడిచెయ్యి ఎత్తి ముత్యంరెడ్డి భుజం మీద పెట్టింది.

ఆయన అరవలేదు, కొట్టలేదు. కొయ్యబారిపోయాడు.

"గీయననే సారూ."

"ఆయన వరుసలో లేడమ్మా. వరుసలో ఉన్నవాళ్లలోనే చూపించాలి" అన్నాడు ఆఫీసరు.

"నా పెనిమిటిని సంపిచ్చినోడు యాడ నిలవడ్డా గాయననే గద సారూ."

ఆఫీసరు తల దించుకున్నాడు. గుమాస్తాను పిలిచి, వరుసలో ఉన్నవారిలో సాక్షి ఎవరినీ గుర్తుపట్టలేదని రాయించాడు. పటేలు పేరు కాగితంలో ఎక్కడా ఎక్కలేదు. సాక్ష్యం లేదు కనుక మన్నాన్‌ను అక్కడికక్కడే వదిలేశారు.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి బంగళా వెనక బావి దగ్గర ముత్యంరెడ్డి మైల పోవడానికి బట్టలతోనే నెత్తిమీద నీళ్లు గుమ్మరించుకుంటున్నాడు. పుష్యమాసపు చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కొత్త పాగా బురదలో పడి ఉంది. మోషేను చంపినందుకు ఈ భూమ్మీద ఎవరికైనా పడిన శిక్ష అదొక్కటే.

"గుడిసె పీకేస్తడు అక్కా" అన్నాడు మన్నాన్.

"పీకనియ్. కాళ్లు గుంజుతున్నయ్, జర మెల్లగ నడువ్" అంది దానమ్మ.