రూతమ్మ టీచర్ భయం

ఫస్ట్ ఎయిడ్ పెట్టె మూత తీయగానే టింక్చర్ వాసన ముక్కుకు తగిలింది. రేపు ఉదయం మా బడి తొమ్మిదో తరగతి ఆడపిల్లలను ఉదయగిరి అవతలి కనుమకు తీసుకువెళ్లాలి. పైన రాతిచట్టు మీద నిలబడితే అటు కడప వైపు కొండలు, ఇటు మన మెట్ట పొలాలు రెండూ కనిపిస్తాయి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే నడకే. అయినా వారం నుంచి నాకు అన్నం సయించడం లేదు. జారే రాళ్లు, దాటాల్సిన వాగు, ఎవరో ఒక పిల్ల కేక... కళ్లు మూసుకుంటే ఇవే. మా హెడ్‌మాస్టరు "ఏం కాదులేమ్మా" అంటారు. ఆ మాట నాకెప్పుడూ ధైర్యం ఇవ్వలేదు. నాకు ధైర్యం ఇచ్చిన మనిషి ఆ మాట ఎన్నడూ అనలేదు.

ఆమె రూతమ్మ టీచర్. ఆత్మకూరులో నేను చదువుకున్న బళ్లో సైన్సు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండి, ఎప్పుడూ ఏదో చప్పుడు వింటున్నట్టు తల కాస్త పక్కకు వంచేవారు. కొండలు ఎలా పుట్టాయో పాఠం చెప్పిన రోజు, "పుస్తకంలో బొమ్మ చూస్తే చాలదు. మిమ్మల్ని ఉదయగిరి అవతలి కనుమ ఎక్కిస్తాను" అన్నారు. ఆడపిల్లలను బడి గేటు దాటించి ఎక్కడికీ తీసుకువెళ్లని కాలం. అనుమతి కోసం ఆమే ఇంటింటికీ తిరిగారు.

మా ఇంటికి వచ్చినప్పుడు నాయన అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. విషయం విని చెంబు కింద పెట్టాడు.

"ఆడబిడ్డల్ని కొండెక్కించి ఏం చూపిస్తావు టీచరమ్మా? కాలు జారితే ఎవురిది పూచీ?"

"నాదే అన్నా. నాకూ భయంగానే ఉండాది. అందుకే మొన్న ఆదివారం చర్చి అయినాక నేనొక్కదాన్నే ఎక్కి చూసొచ్చినాను. ఎక్కడ జారతాదో, ఎక్కడ నీడుండాదో చూసుకున్నాను."

నాయన ఆమెను తేరిపార చూశాడు. పెద్దవాళ్లు భయం ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి వినడం. బహుశా నాయన కూడా అంతే. "సరే, పంపిస్తాలే" అన్నాడు.

వెళ్లిన రోజు ఆమె అందరికన్నా వెనక నడిచారు. వాగులో అప్పుడు నీళ్లు లేవు, తడి ఇసుక మాత్రమే ఉంది. ఎండలో ముళ్లపొదల మధ్య చెమటలు కక్కుతూ ఎక్కాం. పైన కనుమ కనిపించింది. రెండు కొండల నడుమ తెరిచిన తలుపులా, అవతల ఆకాశంతో. అందరం కేకలు పెట్టాం. అప్పుడే చల్లగాలి విసిరింది. పడమటి కొండ వెనక నల్లటి మబ్బు లేచింది.

"ఆగండి. వెనక్కి తిరగండి" అన్నారు టీచర్.

మాలో గట్టిగా మాట్లాడే హమీదా ఎదురు తిరిగింది. "అదిగో కనపడతా ఉండాది గదా టీచర్! ఒక్క పరుగు తీస్తే చేరిపోతాము."

"మనం దిగేలోపు వాగు పారితే ఈ పక్కే ఇరుక్కుంటాము. నడువు."

ఏడ్చినవాళ్లు ఏడుస్తూ, సణిగినవాళ్లు సణుగుతూ దిగాం. వాగు దాటి గట్టెక్కాక వెనక్కి తిరిగి చూశాం. మబ్బు విచ్చిపోయింది. ఒక్క చినుకు పడలేదు. సాయంత్రపు ఎండ కనుమ మీద బంగారంలా పడుతోంది.

ఆ తర్వాత ఎన్నాళ్లో ఆమెను అందరూ ఆట పట్టించారు. స్టాఫ్ రూమ్‌లో తోటి మాస్టర్లు గొడుగు చూపించి నవ్వేవారు. నాకు ఉక్రోషం ఆగక ఒకనాడు అడిగేశాను, "వాన పడలేదు గదా టీచర్, మీకు సిగ్గుగా లేదా?" అని.

ఆమెకు కోపం రాలేదు. "వాన పడుంటే నన్ను మెచ్చుకునేవాళ్లు. పడలేదు, నవ్వినారు. రెండిట్లోనూ మీరు ఇంటికి చేరినారు గదా వసంతా. నాకు కావలసింది అదే" అన్నారు.

చలికాలం రాగానే మళ్లీ అవే ఇళ్లకు వెళ్లి మళ్లీ అడిగారు. ఈసారి సగం మందే వచ్చారు. హమీదా వచ్చింది, నేనూ వెళ్లాను. రాతిచట్టు ఎక్కి అందరం అంచు దగ్గరికి పోబోతుంటే టీచర్ గట్టిగా అరిచి ఆపి, ఇంతవరకే అని గీత గీశారు. కొండ మీద కొండ, నీలం వెనక నీలం. పంచుకోవాలని తిరిగి చూస్తే టీచర్ వెనకున్న బండకు వీపు ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని ఉన్నారు. వేళ్లు బండను వదలకుండా పట్టుకున్నాయి. ఎత్తంటే ఆమెకు అంత భయమని అప్పుడు తెలిసింది.

"ఏమేం కనపడతా ఉండాదో చెప్పవే" అన్నారు, కళ్లు తెరవకుండానే.

పక్కన కూర్చుని చెప్పాను. కొండల రంగు, కింద పొలాల గళ్లు, పాములా పోయే రోడ్డు, దానిమీద చీమంత బస్సు. ఆమె తల ఊపుతూ విన్నారు. "బాగుండాది" అన్నారు, చూసినట్టే.

పోయినేడాది ఆమె మంచం పట్టాక చూడటానికి వెళ్లి, ఇన్నేళ్లుగా మనసులో ఉన్నది అడిగాను. "అంత భయపడే మీరు మమ్మల్ని ఎందుకు తీసుకుపోయినారు టీచర్?"

"మా అమ్మ కూడా భయపడేది. అందుకని నన్ను ఎక్కడికీ పంపలా. ఆమె భయం నాకొచ్చింది, పోలేదు. మీకు గూడా అదే ఇచ్చిపోతే ఎట్టా?"

అయినా ఆమె భయం నాకు రాకపోలేదు. వచ్చింది. దానితో పాటు దాన్ని వెంటబెట్టుకుని నడవడమూ వచ్చింది. రేపు పిల్లల వెనక నడుస్తాను. అనుమానం వస్తే కనుమ కళ్ల ముందున్నా సరే వెనక్కి తిప్పుతాను. పిల్లలు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ. ఇంటికి చేరి, కాళ్లు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని తిట్టుకుంటారు.