సీటు కోసం బాప్తిస్మం

తాడేపల్లిగూడెంలో మేముండే వీధి వెనకే రైస్ మిల్లు ఉంది. పొద్దున్నే కిటికీ తీస్తే చాలు, తాజా తవుడు వాసన కమ్మగా, కాస్త ముక్కు దురద పెడుతూ ఇల్లంతా నిండిపోతుంది. మా ఆవిడకు ఆ వాసన గిట్టదు. నాకు మాత్రం అది తగలగానే పదేళ్ల వయసులో కైకలూరు అవతల ఒక చేపల చెరువులో నడుంలోతు నీళ్లలో నిలబడ్డ రోజు గుర్తొస్తుంది. మా అబ్బాయిని హైస్కూల్లో చేర్చే హడావుడి మొదలయ్యాక ఆ రోజు మరీ తరచుగా గుర్తొస్తోంది.

నాన్నగారు ఆ పక్క పల్లెలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. మాది బాప్టిస్టు సంఘం. వేసవిలో కాలువలు కట్టేస్తే అడుగున మిగిలిన గుంటల్లో బురద చిమ్ముకుంటూ చేతులతో చేపలు పట్టడం, మధ్యాహ్నం ముంజెలు తిని ఆ కాయలతోనే బళ్లు చేసుకుని దొర్లించడం, సాయంత్రం చర్చి ముందు ఏడుపెంకులాట, ఇంటికొస్తే అమ్మ మామిడికాయ ముక్కలు వేసి కాచిన బొమ్మిడాయిల పులుసు, ఆ తర్వాత కుటుంబ ప్రార్థనలో నిద్రకు తూలిపోతూ చెప్పే ఆమెన్. నాన్నగారికి ఒక్కటే పట్టింపు, అబద్ధం. మేం గాజు గ్లాసు పగలగొడితే ఊరుకునేవారు గాని, పగలగొట్టలేదంటే ఈత బరికె తీసేవారు. కొట్టాక కొబ్బరినూనె రాసేదీ ఆయనే.

ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా ఇంగ్లీషులో తడబడి చెమటలు కక్కిన మనిషి కావడంతో, నన్ను ఏలూరులో కతోలిక ఫాదర్ల హైస్కూల్లో చేర్పించాలని ఆయన పట్టుదల. ఐదో తరగతి అవగానే ఫారం తెచ్చారు. అందులో ఒక గడి దగ్గర ఆయన కలం ఆగిపోయింది. జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, పొందిన తేదీ వేసి, సర్టిఫికెట్ జతచేయాలట. కతోలికులు పసిబిడ్డలకే నీళ్లు పోసి ఆ కార్యం జరిపిస్తారు. మా సంఘంలో అలా కుదరదు. ఊహ తెలిసి, నమ్మి, ఎవరికి వారు నోరు విప్పి అడిగితేనే పాస్టరుగారు నిలువునా నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. నాకింకా కాలేదు.

"క్రైస్తవులమని రాసి ఇది ఖాళీగా వదిలేస్తే మనల్ని ఎవరనుకుంటారే?" అన్నారు అమ్మతో. ఏలూరు వెళ్లి ఒక్క మాట అడిగితే తేలిపోయేదే. అడగడానికి మొహమాటం. మూడు రోజులు ఆ కాయితం చేత్తో పట్టుకుని ఇంట్లోకీ బయటికీ తిరిగారు. చివరికి అమ్మే అంది, "పాస్టరుగారికి కబురంపండి. వీడికి ఇప్పుడే ఇప్పించేద్దాం."

పాస్టరుగారు వచ్చి, మజ్జిగ తాగి, నన్ను దగ్గరకు పిలిచారు. "బాబూ, నువ్వే నమ్మి అడుగుతున్నావా, నాన్నగారు అడగమన్నారా?"

నేను నాన్నగారి వంక చూశాను. ఆయన గోడమీద క్యాలెండరు చూస్తున్నారు.

"నమ్మే అడుగుతున్నానండి" అన్నాను. నాకంత తెలియదని నాన్నగారికి తెలుసు. బరికె చూరులోనే ఉంది. ఆయన క్యాలెండరు మీంచి చూపు తిప్పలేదు.

మామూలుగా బాప్తిస్మాలు కాలువలో అయ్యేవి. కాలువ ఎండింది కనుక సంఘపెద్ద ఒకాయన చేపల చెరువులో ఏర్పాటు చేశారు. చేపల మేతకని కర్రలకు కట్టిన తవుడు సంచులు నీళ్లలో వేలాడుతున్నాయి, గట్టు మీద ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు, అవతల గట్టున కొంగలు కదలకుండా నిలబడ్డాయి, చేపపిల్లలు నా పిక్కలు పొడుస్తున్నాయి. ప్రభువును తలుచుకోవలసిన క్షణంలో చేపలు కరుస్తాయేమోనని భయపడ్డాను. ముంచి లేపగానే ముక్కులోనూ నోట్లోనూ తవుడు నీళ్లు. అమ్మ తువ్వాలు కప్పి, ఆనందంతో ఏడ్చింది. ఆ ఏడుపు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ఏలూరులో ముసలి ఫాదరుగారు ఆ సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, నాన్నగారికే తిరిగిచ్చారు. "ఇదెందుకండీ మాస్టారూ? ఆ గడి మా కతోలిక గుడి పిల్లలకండి. మిగతావాళ్లు ఖాళీగా వదిలేస్తారు. పరీక్ష రాయించండి, మార్కులొస్తే సీటు."

నాన్నగారు ఆ కాయితాన్ని మడిచి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు. పరీక్షలో మార్కులొచ్చాయి, సీటొచ్చింది.

ఆ తర్వాత ఆయన నన్ను ఎన్నడూ కొట్టలేదు. హాస్టలు నుంచి వచ్చినప్పుడు లెక్కల మార్కుల గురించి పచ్చి అబద్ధం ఆడాను. ఆయనకు తెలిసిపోయింది. "సరేరా" అని లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. ఒక్క దెబ్బ వేసి ఉంటే బాగుండునని ఎంత ఏడ్చానో. పాస్టరుగారి ముందు ఆ మాట అని, నన్ను కోప్పడే హక్కు ఆయన చేతిలోంచి నేనే లాగేసుకున్నానని అప్పటికి అర్థమైంది, తిరిగి ఇచ్చే దారి మాత్రం తెలియలేదు.

ఇప్పుడు నాన్నగారు లేరు. ఆ చెరువు పూడ్చి ప్లాట్లు వేశారు. బాప్తిస్మాలకు చర్చిలోనే సిమెంటు తొట్టి కట్టారు, వేసవైనా వానైనా కుళాయి తిప్పితే నిండుతుంది. ఫారాలు ఫోనులోనే నింపుతున్నాం. ఊరంతా కార్పొరేట్ స్కూళ్ల బోర్డులున్నా, తిరిగి తిరిగి మేమూ కాన్వెంటు స్కూలునే ఎంచుకున్నాం. అక్కడైతే పిల్లాడికి మంచీ చెడూ నేర్పుతారని మా ఆవిడ నమ్మకం.

పోయిన వారం ఇంటర్వ్యూ. హెడ్‌మిస్ట్రెస్ సిస్టరుగారు మావాణ్ణి ఖాళీ సమయంలో ఏం చేస్తావని అడిగారు. రోజూ న్యూస్ పేపరు చదువుతానని వాడు తడుముకోకుండా చక్కని ఇంగ్లీషులో చెప్పాడు. మా ఇంటికి పేపరే రాదు. ఆవిడ ముచ్చటపడి నావైపు తిరిగారు. "నిజమేనాండీ?"

ఒక్క సీటుకు ఎంతమంది బయట కూర్చున్నారో లోపలికి వస్తూ చూశాను.

"అవునండి, మొదటి పేజీ నుంచి చివరిదాకా వదలడండి" అన్నాను.

గేటు దాటాక వాడు సంతోషంగా నా చెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, నాకంటే నువ్వే బాగా చెప్పావు!"