ఎస్తేరక్క కొట్టని కమాండ్

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పకే. ఎవరి నెత్తిన పెట్టానో ఆవిడే మోసింది. నేను పక్కన నడిచాను, జీతం తీసుకున్నాను, వేళకు అన్నం తిన్నాను. పెళ్లయ్యాక నా భార్యకైనా చెబుదామని ఒకటి రెండుసార్లు మొదలుపెట్టి మాట మార్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మొహం చూడక్కర్లేని వాళ్లకు చెప్పడం సులువు. నా ధైర్యం అంతవరకే.

అబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేసేవాణ్ణి. అద్దాలు అరగదీసే వర్క్‌షాప్ నాంపల్లిలో, స్టేషన్ వెనక సందులో ఉండేది. ఆ రెండింటి మధ్య తిరుగుతూ కంప్యూటర్లు చూసుకోవడం నా పని. బయట దొరికే సాఫ్ట్‌వేర్ ఏదీ మా సేటుకు నచ్చలేదు. నేనే రాసిస్తానన్నాను. రాశాను కూడా. నల్లటి తెర మీద కమాండ్ టైప్ చేసి ఎంటర్ కొడితే కావలసింది వస్తుంది. మౌస్‌తో పనిలేదు. మనిషి పేరు కొడితే వాళ్ల అద్దాల నంబరు, ఎప్పుడెప్పుడు వచ్చారు, ఏ ఫ్రేమ్ తీసుకున్నారు, అన్నీ కనబడేవి. ఇదేంటి, రైల్వే రిజర్వేషన్ కౌంటర్‌లా ఉందని వచ్చినవాళ్లు నవ్వేవారు. నాకు మాత్రం గర్వమే. సేటు దాన్ని లక్డీకాపూల్‌లో ఉన్న తన బావమరిది దుకాణంలో కూడా పెట్టిస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నేను నేలమీద నడవలేదు.

కౌంటర్‌లో కూర్చునేది ఎస్తేరక్క. మెదక్ మనిషి, వయసులో నాకు అమ్మ కావలసింది, కానీ అక్కా అనే పిలిపించుకునేది. భర్త లేడు, కొడుకు అప్పటికింకా చదువుతున్నాడు. ఫ్రేమ్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే, బాగాలేకపోతే బాగాలేదనే చెప్పేది. అమ్మకం పోయిందని సేటు తల పట్టుకునేవాడు. అయినా పాత కస్టమర్లు ఆమె లేని రోజు వస్తే, రేపొస్తాంలే అని వెనక్కి వెళ్లిపోయేవారు.

పొద్దున దుకాణం తెరవగానే ఆమె కొట్టే మొదటి కమాండ్, ఆ రోజు ఇవ్వాల్సిన అద్దాల జాబితా. సాయంత్రం ఏమేం మిగిలాయో చూసుకోవడానికి చివరగా కొట్టేదీ అదే. మొదట్లో ప్రోగ్రాం మూసేస్తే కొట్టిన కమాండ్లన్నీ పోయేవి. నేను ఒక మార్పు చేశాను. కొట్టిన కమాండ్లన్నీ ఒక ఫైల్లో దాచి పెట్టించాను. మర్నాడు తెరిచి పై బాణం నొక్కితే నిన్న చివరగా కొట్టింది దానంతటదే వచ్చేస్తుంది. ఎంటర్ కొడితే చాలు. ఇది కావాలని ఎవరూ అడగలేదు. చేయగలను కాబట్టి చేశాను.

ఆమెకు నేర్పినప్పుడు, "నిన్నటిది ఇయ్యాల ఎందుకు తమ్మీ? నేనే కొట్టుకుంట కదా," అంది. వేళ్లు అరిగిపోతయ్ అక్కా అని ఎగతాళి చేశాను. నా మాట తీసెయ్యలేక అలవాటు చేసుకుంది. కొన్నాళ్లకు, ఆమె సంచి బల్ల కింద పెట్టేలోపే వేలు బాణం మీద, మరో వేలు ఎంటర్ మీద పడేవి. తెర వైపు చూసేది కూడా కాదు. చూడక్కర్లేదని చెప్పింది నేనే.

చాలా ఏళ్లుగా రాని కస్టమర్లను ఒకేసారి తీసేసే కమాండ్ కావాలన్నాడు సేటు. రాశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం దుకాణం సగం షట్టర్ ఎత్తి లోపల కూర్చుని పరీక్షించాను. బయట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బేరాలు సాగుతున్నాయి. అసలు రికార్డుల జోలికి పోలేదు. అంతకుముందు తీసి ఉంచిన కాపీ ఒకటి ఉంటే దాని మీద ప్రయోగం చేశాను. పనిచేస్తుందో లేదో చూద్దామని ఆనాటి తేదీయే ఇచ్చాను. ఆ తేదీకి ముందు వచ్చిన వాళ్లంతా పోవాలి, అంటే అందరూ. పోయారు. నిజంగా తీసెయ్యమంటావా అని కంప్యూటర్ చేత ఒక ప్రశ్న అడిగించాలి, అది తర్వాత పెడదాంలే అనుకున్నాను. మిర్చి బజ్జీలు తిని ఇంటికి పోయాను.

ఒక్కటి మరిచాను. అసలు రికార్డులు, కాపీ వేరువేరు, కానీ కొట్టిన కమాండ్లు దాచే ఫైలు రెండింటికీ ఒక్కటే. అలా పెట్టింది కూడా నేనే.

మిగతాది మీకు అర్థమయ్యే ఉంటుంది. సోమవారం పొద్దున ఎస్తేరక్క వచ్చింది, కూర్చుంది, బాణం నొక్కింది, ఆదివారం నేను కొట్టిన కమాండే వచ్చింది, చూడకుండా ఎంటర్ కొట్టింది. దుకాణానికి వచ్చిన ప్రతి మనిషి కళ్లద్దాల నంబరూ పోయింది. ఉన్న ఒక్క కాపీని నేను ముందురోజే ఖాళీ చేశాను. ఆ వారంలోనే ఒకాయన, మంచం మీద ఉన్న తల్లికి పాత నంబరుతో అద్దాలు చేయించుకుందామని వచ్చి ఉత్త చేతులతో వెళ్లాడు. ఆవిణ్ణి కళ్ల డాక్టరు దాకా తీసుకెళ్లే వీలు లేదట.

ఆ సోమవారం నాంపల్లి నుంచి నేను వచ్చేసరికి సేటు అరుస్తున్నాడు. ముందు కంప్యూటర్ చూస్తానని అందరినీ పక్కకు పంపాను. ఆ ఫైలు తెరిచాను. నా కమాండ్ కనబడింది. అప్పుడు నా ముందు రెండు దారులేమీ లేవు, ఒకటే దారి, లేచి వెళ్లి సేట్, ఇది నా వల్ల జరిగింది అనడం. అది తెలుసు. ఇప్పటికీ నన్ను నేను అడిగేది ఒకటే. భయపడి చేశానా? భయపడినవాడి చేతులు అంత నేర్పుగా పనిచేస్తాయా? ఫైలు తుడిచేశాను. అంతటితో ఆగలేదు. పాత కమాండ్లు దాచే ఏర్పాటునే ప్రోగ్రాంలోంచి పీకేశాను. లక్డీకాపూల్ దుకాణం గుర్తుకొచ్చింది నాకు అప్పుడు. ఎస్తేరక్క గుర్తు రాలేదని చెప్పాలని ఉంది. వచ్చింది.

తీసేసే కమాండ్ నువ్వే కొట్టావంటున్న సేటుతో ఆమె అంది, "నేను గా కమాండ్ కొట్టలే సేట్. బాణం కొడితే నిన్నటిది వస్తది. తమ్మినే నేర్పిండు. అడగండి."

నేను ప్రోగ్రాం తెరిచి, అందరూ చూస్తుండగా పై బాణం నొక్కాను. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. ఖాళీ తెర. గట్లాంటిది ఇందులో లేదు సేట్ అన్నాను. ఎస్తేరక్క వంగి ఆ తెరను చూసింది. తర్వాత నన్ను చూసింది. కోపంగా కాదు. నేను పొరపాటున తప్పు కీ నొక్కి ఉంటాను, సరిచేసుకుంటాను అనుకున్నట్టు నా వేళ్ల వైపు చూసింది.

సేటు చెడ్డవాడు కాదు. తప్పయిందని ఒక్క మాట అను, బాత్ ఖతం అన్నాడు. ఆమె అనలేదు. అప్పుడు నేను చేసిన పని ఉంది చూడండి, దాన్ని ఇప్పటివరకు నాలో నేను కూడా పైకి అనుకోలేదు. ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లి బతిమాలాను.

"అక్కా, అయ్యిందేదో అయ్యింది. జర ఒప్పుకోరాదే. పనన్న ఉంటది."

"కొట్టనిది కొట్టిన అని ఎట్లంట తమ్మీ?"

"అందరికీ పొరపాటైతది అక్కా."

"ఐతది. గానీ గిది నేను చెయ్యలే."

నా తప్పును ఒప్పుకొమ్మని ఆమెను బతిమాలాను. అదేదో ఆమె మేలు కోరినట్టు. ఆ క్షణంలో నాకు నిజంగానే జాలి కూడా వేసింది, అంత దిగజారాను. ఒక తప్పు చేసినందుకు కాదు, అబద్ధం మీద నిలబడినందుకు తీసేస్తున్నానని సేటు అందరికీ చెప్పాడు. ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. నా ప్రోగ్రాం లక్డీకాపూల్ వెళ్లింది. అక్కడినుంచి నేను ఇంకా పెద్ద ఉద్యోగాలకు వెళ్లాను.

ఇంతే అయితే బహుశా ఇది రాసేవాణ్ణి కాదు. మనిషి దేన్నైనా మరిచిపోతాడు, నేను మరీను.

కిందటేడు కోఠి బస్టాపులో ఆమె కనబడింది. నేను మొహం చాటేసేలోపే తమ్మీ అని పిలిచింది. జుట్టంతా తెల్లబడింది. బేగం బజార్‌లో ఒక మసాలాల దుకాణంలో పొట్లాలు కడుతోందట. కొడుక్కి పెళ్లయిందట. బాగానే ఉన్నానంది. చేతిలో సంచి భుజానికి తగిలించుకుంది. అప్పుడు అంది.

"తమ్మీ, గా దినం నేనే కొట్టిన కావచ్చు. నువ్వు బాణం నొక్కి చూపిస్తివి కదా, ఏం రాలే. మరి నేను కొట్టకపోతే ఎవలు కొట్టిన్రు? నాకే యాది తప్పింది."

నేను బస్సుల వైపు చూస్తున్నాను.

"గప్పటి సంది గంతే. గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని కోడల్ని అడుగుత. తాళం ఏసిన్నా అని అడుగుత. నా మీద నాకే నమ్మకం పోయింది." ఆగి, ఇంకో మాట అంది. "నేర్పిండు అని సేటు ముంగట నీ పేరు సుత తీసిన. నిన్ను బద్నాం చేసిన. ఏమనుకోకు తమ్మీ."

పోనీలే అక్కా, అన్నాను.

ఔ, అదే అన్నాను. ఆమెను క్షమించాను. నా గొంతు వణకలేదు కూడా. ఆమె నా చేయి పట్టుకుని, దేవుడు నిన్ను సల్లగ చూడాలె అంది. ఆమె బస్సు వచ్చింది, ఎక్కింది. పరిగెత్తి ఎక్కి చెప్పి ఉండొచ్చు. సీటు దొరికిందా లేదా అని చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడైనా వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. బేగం బజార్ ఎంత దూరం? వెళ్లాను ఒకసారి, ఆ వీధి మొదటి దాకా. నాకు సేటు భయం లేదు ఇప్పుడు, ఆయన పోయాడు. ఆమె తిడుతుందన్న భయమూ కాదు. తిట్టకుండా, అమ్మయ్య నాకు యాది తప్పలేదన్నమాట అని సంతోషపడుతుందేమోనని భయం. ఆ సంతోషాన్ని ఇన్నేళ్లు నా దగ్గర ఉంచుకున్నానని అప్పుడు ఆమెకు తెలుస్తుంది.

కాబట్టి మీకు చెబుతున్నాను. ఆ కమాండ్ కొట్టింది నేను. ఎస్తేరక్క అబద్ధమాడలేదు, ఆమెకు యాది తప్పలేదు. ఈ మాటలు ఇలా వరుసగా నేను ఎప్పుడూ రాయలేదు. రాశాక, నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. ఆమె మాత్రం ఈ సాయంత్రం కూడా తాళం వేశానా అని కోడల్ని అడుగుతూ ఉంటుంది.