ఎడమచేతి చూచిరాత

కోరుట్లలో నేను పనిచేసిన ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పిల్లల చూచిరాత కాపీలు ఎప్పుడు తెరిచినా నిండుగా ఉండేవి. ఆ నిండుదనంలో సగం నాది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఒప్పుకున్నంత మాత్రాన నాకు పుణ్యమేమీ రాదని తెలుసు.

ప్రతి శనివారం కాపీలు ఇళ్లకు వెళ్లాలి, ఒక్క గీత కూడా ఖాళీగా ఉండకూడదు. అది మా కరస్పాండెంట్ సారు పెట్టిన నియమం. "తల్లిదండ్రులు చదువు చూడరు మేడం, కాపీ చూస్తరు" అనేవాడు. నిజమే చెప్పాడు, పాడు నిజం. నలభై మంది పిల్లలకు నేనొక్కదాన్ని. పేజీ పైన నేనొక వాక్యం రాస్తే, కింద గీతలన్నీ పిల్లలు చూసి రాయాలి. రాయగలిగినవాళ్లు రాసేవారు. రానివాళ్లకు అక్షరాల ఆకారంలో చుక్కలు పెట్టి ఇస్తే వాటి మీద దిద్దేవారు. అదీ చేతకానివాళ్ల పేజీలు శుక్రవారం బడి విడిచాక నేనూ, పక్క తరగతి టీచరూ కూర్చుని నింపేవాళ్లం. కుడిచేత్తో రాస్తే పెద్దవాళ్ల రాతని తెలిసిపోతుందని ఎడమచేత్తో రాసేవాళ్లం. మధ్యలో ఒక అక్షరం కావాలనే వంకరగా వేసి, రబ్బరుతో సగం చెరిపి, దాని మీదే మళ్లీ రాసేవాళ్లం. ట్రైనింగులో ఎవరూ నేర్పని ఈ విద్య మాకు బ్రహ్మాండంగా వంటబట్టింది.

ఆ ఏడు నా తరగతిలో ఒక ఆడపిల్ల ఉండేది. తండ్రి దుబాయిలో, తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. పిల్ల బడి నుంచి వెళ్లి, తల్లి పక్కన కూర్చుని, చిన్న ఇనుప పుల్లతో బీడీల మూతులు చకచకా ముడిచేది. మరి దానికి వేళ్లు తిరగవని నేను సారుకు చెప్పింది శుద్ధ అబద్ధం. దానికి కావలసింది పెన్సిలు పట్టుకున్నప్పుడు పక్కన కాసేపు కూర్చునే మనిషి. నాకు కూర్చునే తీరిక లేదు. ఎందుకంటే నేను కాపీలు నింపుతున్నాను కదా!

ఒక శుక్రవారం తల్లి రావడం ఆలస్యమై ఆ పిల్ల తరగతిలోనే ఉండిపోయింది. నాకేమో జగిత్యాల బస్సు తొందర. దాని కాపీ దాని ముందే తీసి రాయడం మొదలుపెట్టాను. బల్లకు గడ్డం ఆనించి చూసింది.

"గది నా కాపీ కదా టీచర్?"

"నీదే."

"మంచిగ రాస్తున్నరు" అని మెచ్చుకుంది. నాకు నవ్వొచ్చింది. సిగ్గు మాత్రం రాలేదు.

తల్లి వారం వారం ఆ పేజీలు ఫోటోలు తీసి దుబాయికి పంపేదట. తండ్రి సెలవు మీద వచ్చిన మూడోనాడే చాక్లెట్ల డబ్బాతో బడికి వచ్చినప్పుడు నాకా సంగతి తెలిసింది. ఫోన్ తీసి ఒక్కొక్క పేజీ నాకే చూపించాడు.

"మా రూముల అందరికి సూపెట్టిన మేడం. నా బిడ్డ రాత సూసి మస్తు ఖుషీ అయిండ్రు. ఇయ్యాల నా కండ్ల ముంగట రాస్తె సూస్త."

నేను వంక వెతుక్కునేలోగా బిడ్డను పిలిచి చేతికి పెన్సిలిచ్చాడు. "బాపు వచ్చిండు అని రాయి బిడ్డా."

పిల్ల కాగితం వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. "చుక్కలు పెట్టుర్రి టీచర్" అంది.

"చుక్కలేంది? గిన్ని పేజీలు రాసినవు గదా?" అని ఆయన నవ్వుతూనే అడిగాడు. రెండోసారి అడిగినప్పుడు మొహంలో నవ్వు లేదు. నేను నోరు తెరవాల్సిన సమయం అది. తెరిచాను. "రోజూ మంచిగనే రాస్తది. ఇయ్యాలెందుకో మొండికేసింది" అన్నాను.

తరగతి అంతా చూస్తుండగా ఆయన బిడ్డ చెంప మీద కొట్టాడు. "అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తవానే?"

ఒక్క మాట చెబితే చాలు, ఆ పిల్ల బయటపడేది. నేను రాయడం కళ్లారా చూసింది కదా. చెప్పలేదు. నన్ను కాపాడిందో, టీచర్ చెప్పింది కాబట్టి తనదే తప్పనుకుందో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. చాక్లెట్లు పంచుతూ ఆ పిల్లకు రెండిచ్చాను. నా బతుకులో అంత నీచమైన పని ఇంకొకటి చేయలేదు.

సెలవున్న నెల రోజులూ ఆయన సాయంత్రం పూట బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయించాడు. "కొట్టుకుంట రాయిపిస్తుండు టీచర్. పెన్సిల్ సూస్తెనే పోరి వణుకుతాంది" అని తల్లి వచ్చి ఏడ్చింది. ఆమెతోనైనా నిజం చెప్పలేదు నేను. ఆయన ఊళ్లో ఉన్నన్ని రోజులూ దొరికిపోతానని నేను ఆ పిల్ల కాపీ జోలికే పోలేదు.

ఆయన మళ్లీ దుబాయి వెళ్లిన మర్నాడు ఆ పిల్ల అందరికంటే ముందు బడికి వచ్చింది. ఎన్నాళ్లకో మొహంలో నవ్వు కనిపించింది. కాపీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఖాళీ పేజీ తీసి, పెన్సిలు నా వైపు జరిపింది.

"బాపు పోయిండు టీచర్. ఇగ మీరే రాయుర్రి."