ఆ రోజు మొదటి నంబరు నాది

ముందే చెబుతున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి సగంలో బడి మానేశాను. కారు నడపడం తప్ప వేరే పని తెలియదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ అనుమానమే. నా బిడ్డ పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను. తప్పులు చూసి నవ్వుకున్నా ఫరవాలేదు, చివరిదాకా చదవండి.

మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. పదమూడేళ్లు కామారెడ్డి కారు అడ్డాలో ఉన్నాను. రోడ్డు పక్కన ఎనిమిది కార్లు వరసగా నిలబడేవి. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్లది మొదటి నంబరు. కిరాయి వస్తే వాళ్లే పోవాలి. పోయి వచ్చినవాళ్లు వరస చివర నిలబడాలి. పాత గిరాకీ ఎవరైనా వచ్చి ఫలానా డ్రైవరే కావాలంటే మాత్రం అతను నంబరు లేకపోయినా పోవచ్చు. కానీ పోయే ముందు అడ్డా మొత్తానికి చాయ్ తాగించాలి. కాగితం మీద రాసుకున్నది కాదు కానీ, ఎవరూ తప్పేవాళ్లు కాదు.

నాకు అట్లాంటి పాత గిరాకీ మాచారెడ్డి వైపు నుంచి వచ్చే ఒక ముసలి జంట, బాపు, అవ్వ. అవ్వకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి నెలకోసారి హైదరాబాదు దవాఖానలో సూది వేయించాలి. ఇచ్చిన తారీఖు దాటితే చూపు నిలవడం కష్టమని డాక్టరు చెప్పాడట. బస్సు ఎక్కితే అవ్వకు వాంతులు. అందుకని ఆటోలో కామారెడ్డి దాకా వచ్చి నా కారు ఎక్కేవాళ్లు. నేను అందరికీ చాయ్ చెప్పి బయలుదేరేవాణ్ని.

అవ్వ ముందు సీట్లో కూర్చుని, అద్దం దించి, ఉన్న ఒక్క కన్నుతో దారి పొడుగునా పొలాలు చూసేది.

"అగో, నాట్లు ఏస్తుండ్రు. గా ఎర్ర చీరామె చూడు బిడ్డా, వంగుతనే లేదు. ముచ్చట్లే పెడుతున్నది."

వెనక సీట్లో నుంచి బాపు అనేవాడు. "నీకు గంత కనవడితె దవాఖానకు ఎందుకే? ఇంటికి పోదాం పా."

"నిన్ను సరిగ్గ జూద్దామని పోతున్న. ఇంతకాలం సరిగ్గ జూడలే."

దవాఖాన ముందు నేను పొద్దు వంగేదాకా ఆగేవాణ్ని. అవ్వ నాకని వేరే మూట కట్టి తెచ్చేది, జొన్నరొట్టె, పచ్చికారం. మళ్లీ కామారెడ్డికి నేనే తెచ్చేవాణ్ని.

ఒక నెల వాళ్లు అడ్డాకు రాలేదు. రోడ్డుకు అవతల నిలబడి ఉంటే వేరే కారు ఒకటి వచ్చి ఎక్కించుకుపోయింది. హైదరాబాదులో ఉన్న అల్లుడు ఫోన్‌లో బుక్ చేశాడట. మేము రానుపోను కిరాయి అడుగుతాం, ఆగినంతసేపటికీ అడుగుతాం. ఫోన్ కారు దింపేసి పోతుంది. వచ్చేటప్పుడు ఇంకో కారు. వాళ్లకు తక్కువలో అయిపోతుంది. అల్లుడిది తప్పని ఇప్పుడు అనను. అప్పుడు మాత్రం నాకు చాలా కోపం వచ్చింది. నా కారును చూసి కూడా అవ్వ ఆ కారెక్కింది అనుకున్నాను. చూపు ఇంకా తగ్గి, రోడ్డు ఇవతలి దాకా ఆమెకు కనపడదన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం చాయ్ దగ్గర నేనే మాట లేవనెత్తాను.

"ఫోన్ల బుక్ చేసుకున్నోళ్ల కారు రాకపోతె, మన దగ్గరికే వస్తరు. ఎవ్వలం ఎక్కించుకోవద్దు. అప్పుడు తెలుస్తది."

అందరూ సరే అన్నారు. మాలో వయసులో పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన అడిగాడు. "ముసలోళ్లు, పానం బాగలేనోళ్లు వస్తె?"

"ఎవరైనా గంతే అన్నా."

తర్వాతి నెల ఆ తారీఖు వచ్చింది. ఆ రోజు మొదటి నంబరు నాది. బాపు, అవ్వ అవతల గంటసేపు నిలబడ్డారు. కారు రాలేదు. బాపు ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం, తీయడం చూస్తూనే ఉన్నాను. చివరకు అవ్వను అక్కడే నిలబెట్టి, రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, వస్తనన్నోడు రాలే. ఫోన్ జేస్తె ఎత్తుతలేడు. నువ్వు తీస్కపో."

నేను గుడ్డతో అద్దం తుడుస్తున్నాను. అద్దం అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఫోన్ కారు చెప్పుకున్నవు గద బాపు. గదాంట్లనే పో."

"అల్లుడు చెప్పిండు బిడ్డా. నేనేమనాలె? ఇయ్యాల తారీఖు, నీకెర్కనే గద."

వెనక కారు డ్రైవరు నవ్వుతూ అరిచాడు. "ఏందన్నా, మాట యాదికున్నదా? నువ్వే అంటివి."

ఇంకొకడు అన్నాడు. "మాకు చాయ్ తాపి పోతడు తియ్."

అప్పుడు పెద్దాయన కారు దిగి నా దగ్గరికి వచ్చాడు. "తమ్మీ, తీస్కపో. మేమెవ్వలం ఏమనం."

ఆయన ఆ మాట అనకుండా ఉంటే, అడ్డా ఒప్పుకోలేదని చెప్పుకునేవాణ్ని. కానీ అన్నాడు, నేను విన్నాను. అయినా గుడ్డ పిండి మళ్లీ అద్దం తుడిచాను.

బాపు రోడ్డు దాటి వెనక్కి పోయాడు. రోడ్డు అవతల నుంచి అవ్వ గట్టిగా అడిగింది. "ఏమంటుండు?"

"ఆయనకు వేరే కిరాయి ఉన్నదట. పా, బస్సుకు పోదాం."

అవ్వ బాపు మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచిపోయారు. నాకు ఆ రోజు మధ్యాహ్నం దాకా ఏ కిరాయీ లేదు.

తర్వాత వాళ్లు మళ్లీ కనపడలేదు. అడ్డా కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. ఒకతను కారు అమ్మేసి దుబాయికి డ్రైవరుగా పోయాడు. పెద్దాయన మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నాడు. మా కార్లు నిలబడిన చోట ఇప్పుడు టిఫిన్ బండి ఉంది. నేను కూడా ఫోన్‌లో ఆ కార్లు బుక్ చేసే యాప్ పెట్టించుకున్నాను. ఎల్లారెడ్డిలో పొద్దంతా చూసినా అది మోగదు. కామారెడ్డి వస్తే ఎప్పుడో ఒకసారి మోగుతుంది. హైదరాబాదులో దింపితే, చాలాసార్లు ఖాళీగానే తిరిగి వస్తాను.

ఈ వానకాలం ఒక పొద్దున మోగింది. బస్టాండు దగ్గరికి పోతే బాపు, అవ్వ నిలబడి ఉన్నారు. పక్కన రెండు సంచులు. అవ్వ కళ్లకు నల్లద్దాలు. చెయ్యి బాపు భుజం మీద ఉంది. బాపు నన్ను చూసి ఆగిపోయాడు.

"ఎవలయ్యా? కారేనా?" అంది అవ్వ.

"ఆఁ, ఫోన్ కారే. ఎక్కు."

వచ్చింది నేనని బాపు చెప్పలేదు. ఇద్దరూ వెనక కూర్చున్నారు. వాళ్లు కూతురి దగ్గర ఉండిపోవడానికి పోతున్నారని మాటల్లో తెలిసింది. నేను నోరు తెరవలేదు. తెరిస్తే గొంతు గుర్తుపడుతుంది.

రామాయంపేట వస్తోందని బాపు చెప్పగానే అవ్వ నాతో అంది.

"ఈడ ఆపకు బిడ్డా. ఒకదినం బస్సుల వస్తె పానం ఆగమై ఈడనే దిగి కూసున్న. దవాఖానకు పోయేసరికి చీటీలు రాసుడు బందు. ఇంకో తారీఖు ఇచ్చిండ్రు. గప్పటిదాక కన్ను ఆగలే. మాకొక మంచి డ్రైవరు ఉండె, ఎల్లారెడ్డోడు. ఆ దినం పాపం ఆయనకు వేరే కిరాయి వడ్డది. లేకపోతె ఇడిచిపెట్టునా?"

అద్దంలో బాపు నన్ను చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నాట్లు పడ్డయా బిడ్డా?" అని అడిగింది. నేను పలకలేదు. "ఈ డ్రైవరు మూగోడా ఏందయ్యా?"

"రోడ్డు చూస్తుండు, ఊకో. నాట్లు ఏస్తుండ్రు."

"ఎంతమంది?"

"పది మంది ఉంటరు."

పొలంలో నీళ్లు ఉన్నాయి. మనిషి ఒక్కరు కూడా లేరు.

తూప్రాన్ దాటాక అవ్వ మూట విప్పింది. "డ్రైవరుకు కూడ ఒక రొట్టె ఇయ్యి." బాపు చెయ్యి చాపి ఇచ్చాడు. తినలేకపోయాను. ఒళ్లో పెట్టుకుని నడిపాను.

కూతురి ఇంటి ముందు దింపినప్పుడు చెప్పాలనుకున్నాను. బాపు నా మొహం చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. అవ్వను పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఫోన్‌లో వాళ్ల కిరాయి అయిపోయింది. అయిపోతే యాప్ ఇచ్చిన నంబరుకు ఇక ఫోన్ కలవదు. తర్వాత ఆ ఇంటికి పోదామని రెండుసార్లు ఆ వీధి దాకా పోయాను. రెండుసార్లూ మూల మీది నుంచే మళ్లి వచ్చేశాను. చెప్పినా ఆమెకు కన్ను రాదు. ఉన్న ఒక్క మంచి డ్రైవరు కూడా లేకుండా పోతాడు.

అందుకని కాగితం మీద రాశాను. అవ్వ ఎట్లాగూ చదవలేదు. చదివిన మీరు, ఈ రాతలో ఒత్తులు, దీర్ఘాలు తప్పిన చోట సరిచేసుకుని చదువుకోండి, ఆ తప్పులకు నన్ను క్షమించండి.