కౌకో చెప్పిన పదిహేను అంగుళాలు

మా కైనూ ప్రాంతపు మగవాళ్ళు నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటారు. పెళ్ళాం జుట్టు కత్తిరించుకొచ్చినా గమనించరు, బిడ్డ పుట్టినరోజు గుర్తుండదు. కానీ అక్టోబరు వచ్చి, నీటిగుంటల మీద పలుచగా మంచు పేరుకున్నాక చలికాలం టైర్ల సంగతి ఎత్తి చూడండి, ఇక వాళ్ళని ఆపడం ఎవరి తరమూ కాదు. అందులోనూ కౌకో కెంపైనెన్ మొదలుపెట్టాడంటే ఎదుటివాడి కాఫీ చల్లారిపోవలసిందే.

కౌకోది ఒకటే సిద్ధాంతం. చలికాలానికి చిన్న రిమ్ము, సన్నటి టైరు, ఎత్తైన రబ్బరు. సన్నటిది మెత్తటి మంచును కోసుకుంటూ పోయి అడుగున రోడ్డును పట్టుకుంటుంది. వెడల్పుది బాతులాగా పైపైన తేలుతుంది. ఎండిన రోడ్డు మీద వేసవిలో వెడల్పుది వేసుకో, పెద్ద రిమ్ము పెట్టుకో, ఎవడొద్దన్నాడు? కానీ రిమ్ము ఎంత మార్చినా, రబ్బరుతో కలిపి చక్రం మొత్తం ఎత్తు మాత్రం మారకూడదు. మారిందా, స్పీడు చూపించే ముల్లు కూడా అబద్ధాలాడుతుంది.

ఆయన భార్య ఐరి ఈ ప్రసంగాన్ని ముప్పై ఏళ్ళుగా ఆదివారం చర్చిలో పాస్టరు మాటలు విన్నట్టు వింటూ వచ్చింది. వినక తప్పదు, చలికాలమంతా ఎక్కువగా రోడ్డు మీద ఉండేది ఆమే. పువొలంకా ఊరి చుట్టుపక్కల అడవుల్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మందులివ్వడం, కట్లు మార్చడం, స్నానం చేయించడం ఆమె ఉద్యోగం. సొంత కారులోనే తిరగాలి. ఏ టైరు, ఏ సైజు, ఎప్పుడు మార్చాలి అన్నది కౌకో చూసుకునేవాడు. ఆమె తాళం తిప్పి బయల్దేరేది, అంతే.

ఒక ఏడు వసంతంలో కౌకోకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి వేలాడిపోయింది, నోరు కొంచెం వంకరపోయింది. ఇక ఒక్కొక్కటే చేజారడం మొదలైంది. డ్రైవింగు లైసెన్సు పోయింది. దుప్పుల వేటకు వెళ్ళే తుపాకీని పోలీసులు పట్టుకెళ్ళారు. ఆవిరిస్నానపు గది సౌనాకు కట్టెలు కొట్టే గొడ్డలిని ఐరే దాచేసింది. పాపం, చెప్పి కూడా దాచలేదు. అలా అన్నీ పోయాక ఆయన చేతిలో మిగిలిన పెద్దరికం ఒక్కటే, చక్రాల సైజు.

అదే వేసవిలో పాత కారు గేర్‌బాక్సు పాడై మూలపడితే, అదే కంపెనీది కాస్త కొత్తది, ఇంజను బలమున్నది కొన్నారు. అక్టోబరులో ఐరి టైర్ల దుకాణం రైమోను, పాత చలికాలం చక్రాలు దీనికి పడతాయా అని ఊరికే ఒక మాట అడిగింది.

"దీనికి ముందు చక్రాల బ్రేకులు పెద్దవమ్మా," అన్నాడు రైమో. "పదహారు అంగుళాలకు తగ్గితే రిమ్ము పట్టదు. మీ పాతవి పదిహేను కదా? వాటిని మర్చిపో."

ఆ మాట నోట్లో పెట్టుకుని ఐరి ఇంటికొచ్చింది. కౌకో అప్పటికే షెడ్డు ముందు స్టూలు వేసుకుని, చేతికర్ర ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె ఆ వెలుగు చూడలేదు.

"మేకుల టైర్లు తియ్యి," అన్నాడు. "ఒక్క చలికాలం తిరిగాయంతే. ఒక్క మేకు ఊడలేదు. కంపెనీ అదే, బోల్టులు అయిదే, మధ్య దూరం అంతే. కళ్ళు మూసుకుని ఎక్కించెయ్."

మంచు మీద పట్టు కోసం రబ్బరులో దిగేసిన మేకులు గట్టిగా ఉన్న టైర్లను పారేసినవాడు మా కైనూలో ఇంతవరకూ పుట్టలేదు. ఐరి నోరు విప్పబోయి, ఆయన ముఖం చూసి మూసేసుకుంది. రైమో లెక్క తప్పు కావచ్చని తనకు తానే చెప్పుకుని జాకీ పెట్టింది.

వెనక రెండూ సులువుగా ఎక్కాయి. ముందుది ఎక్కించి బోల్టులు బిగించి తిప్పబోతే చక్రం కదల్లేదు. రిమ్ము లోపలి వంపు బ్రేకు గూడుకు అదుముకుపోయింది. ఐరి ఇంకోసారి తోసింది. కదల్లేదు.

కౌకో కర్ర మీద వాలి చక్రం లోపలికి తొంగిచూశాడు. వంకరపోయిన మూతి చివర వణకడం ఐరికి కనిపించింది.

"రైమో అన్నాడు..." అని మొదలుపెట్టింది ఆమె.

"రైమో ఏమన్నాడో నాకెందుకు? వాడు కొత్తవి అమ్ముకునేవాడు. పై అరలో రేకు డబ్బాలో ఇనప రింగులుంటాయి, పట్రా."

వేలెడు మందం కూడా లేని రింగులు. చక్రానికీ ఇరుసుకూ మధ్య ఒకటి పెడితే చక్రం బయటకు జరుగుతుంది. జరిగింది. ఈసారి తిప్పితే సాఫీగా తిరిగింది.

"చూశావా!" అన్నాడు కౌకో.

"మరి బోల్టులు పొట్టివైపోవూ?"

కౌకో కర్రతో నేల మీద ఏదో గీస్తూ, "పట్టాయిగా. పట్టాయంటే పట్టాయి," అన్నాడు. ఆమె వైపు చూడలేదు.

మొదటి మంచు పడ్డ మర్నాడు ఐరి ఆ చక్రాల మీదే పనికి బయల్దేరింది. స్టీరింగు సన్నగా వణుకుతోంది. రోడ్డు గతుకులదేమో అనుకుంది. రెండోనాడు వణుకు ఎక్కువైంది. మలుపు తిరిగినప్పుడల్లా ముందు ఎడమవైపు నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. ఎదురుగా దుంగల లారీ వస్తుంటే ఆమె కారును రోడ్డు అంచుకు తీసి దాదాపు ఆపేసింది.

ఆ రోజు కట్టు మార్చాల్సిన లెంపి ముసలమ్మకు తొంభై దాటాయి. కాలికి కట్టు కడుతున్న ఐరి వేళ్ళను చూసి ఊరుకోలేదు.

"ఏమే పిల్లా, కట్టు కడుతున్నావా, చలి కాచుకుంటున్నావా? ఆ వణుకేమిటి?"

"కారు కొంచెం ఇబ్బంది పెడుతోంది మామ్మా."

"బాగు చేయించు మరి! నీకేమన్నా అయితే నా కాలికి కట్టు ఎవరు కడతారు? మీ ఆఫీసువాళ్ళు పంపే ఆ ఇంకో పిల్లకి కాలేదో చెయ్యేదో తెలీదు."

ఐరి నవ్వలేకపోయింది. తిరిగి వస్తూ అడవి మధ్య బస్సు ఆగే చోట కారు ఆపి, ముందు ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. చేతి తొడుగు తీసి బోల్టును పట్టుకుంది. వట్టి వేళ్ళకే అది తిరిగింది. పక్కదీ అంతే. ఆ మంచులో ఆమెకు చెమట పట్టింది. పనిముట్టు తీసి అన్నీ బిగించి, సైకిలు కంటే నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికి కాకుండా నేరుగా రైమో దుకాణానికి వెళ్ళింది.

చక్రం ఊడదీసిన రైమో, రింగును వేలికి తగిలించి పైకెత్తి చూశాడు.

"ఎవడు పెట్టాడిది? బోల్టు కొసలు కరుచుకుని ఉన్నాయంతే. చక్రం ఇరుసు మీద కూర్చోనే లేదు. ఏ మలుపులోనో ఊడి నీకంటే ముందు పరిగెత్తేది!"

"నేనే పెట్టాను," అంది ఐరి.

రైమో ఆమెను ఒక క్షణం చూశాడు. రింగును నెమ్మదిగా బల్ల మీద పెట్టి, "కౌకో ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. ఐరి బాగున్నాడంది. రైమో ఇంకేమీ అడక్కుండా పదహారు అంగుళాల రిమ్ములు, వాటికి పట్టేవాటిలో అన్నిటికంటే సన్నటి మేకుల టైర్లు తెచ్చి ఎక్కించాడు.

దారి పొడవునా ఐరి మాటలు కూడబలుక్కుంది. పాత టైరుకు కన్నం పడిందని చెబుదామా? రైమో బలవంతం చేశాడని చెబుదామా? కౌకో పెద్దరికం పోకుండా ఏ అబద్ధం సరిపోతుందో తేల్చుకోలేకుండానే ఇల్లొచ్చింది.

కౌకో వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. పొద్దున ఆమె కోసి పెట్టిన రై రొట్టె ముక్కలు పళ్ళెంలో అలాగే ఎండిపోయి ఉన్నాయి.

"రైమో దగ్గరికెళ్ళావు," అన్నాడు. "మేకుల చప్పుడు వేరేగా ఉంది."

"ఊఁ."

"పదహారేనా?"

"పదహారే. వెడల్పు రెండొందల అయిదు మిల్లీమీటర్లు."

"సరైందే," అన్నాడు కౌకో.

ఐరి కోటు విప్పుతున్నదల్లా ఆగిపోయింది. "సరైందని నీకెలా తెలుసు?"

ఆయన పళ్ళేన్ని పక్కకు తోశాడు. "నువ్వు బోల్టులు బిగిస్తుంటే చుట్లు లెక్కపెట్టా. మూడు చుట్లే పట్టింది. కనీసం ఏడు పట్టాలి. పదిహేను నిలవదని అప్పుడే తెలిసింది."

"తెలిసే పంపావా నన్ను?"

"నువ్వు వద్దంటావనుకున్నా."

"నేనెందుకు అనలేదో తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే ఆ తర్వాత నాకూ నోరు రాలేదు. నువ్వొచ్చేదాకా ఈ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు, ఐరీ. రెండ్రోజులూ."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఐరికి అంత కోపం ఎన్నడూ రాలేదు. ఆయన పరువు కాపాడడానికి తాను చావు పక్కనుంచి వచ్చింది. ఆ పరువు కోసమే ఆయన తనను చావుకు పంపి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"నేను చచ్చుంటే నీ పదిహేను అంగుళాలు నీకు స్నానం చేయించేవా? నీకు బూట్లు తొడిగేవా?" అని అరిచింది. "ఇక నా కారు జోలికి రాకు. నా చక్రాలు నేను చూసుకుంటా!"

కౌకో తల వంచుకున్నాడు. కన్నీళ్ళు వంకర మూతి మీదుగా జారుతుంటే ఎడమచెయ్యెత్తి తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. ఐరి తుడవలేదు. సౌనా వేడిచేసుకుని, ఒక్కతే వెళ్ళి కూర్చుంది.

కోపం ఎన్నాళ్ళుంటుంది? మంచు పడుతూనే ఉంది, ఐరి తిరుగుతూనే ఉంది, పదహారు అంగుళాల చక్రాలు ఒక్కసారి కూడా జారలేదు. క్రిస్మసు నాటికి ఇద్దరూ మామూలుగా మాట్లాడుకుంటున్నారు, వాతావరణం గురించి, లెంపి కాలి గురించి. టైర్ల మాట మాత్రం రాలేదు. పొరుగువాళ్ళు వచ్చి ఎత్తినా, కౌకో కాఫీ తాగి ఊరుకునేవాడు.

ఏప్రిల్ చివర్న మంచు కరిగి రోడ్డు బయటపడింది. కింద గడ్డకట్టిన నేల పొంగి, తారంతా పగుళ్ళు, గోతులు. మేకుల టైర్లు దించాలి. కారుతో వచ్చిన వేసవి టైర్లు అరిగిపోయాయి, కొత్తవి చూడాలి.

"రైమో అడుగుతున్నాడు," అంది ఐరి గిన్నెలు తుడుస్తూ. "వేసవికి పదహారే ఉంచనా, పదిహేడు పెట్టనా అని."

"నీ ఇష్టం," అన్నాడు కౌకో.

ఆమె తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. "అయితే పంతొమ్మిది వేయించేస్తా. వెడల్పాటివి. రబ్బరు రెండు వేళ్ళ మందం కూడా ఉండదు చూడూ, నల్లగా మెరుస్తుంటాయి, అవి."

మా గోతుల్లో ఆ రిమ్ములు వారం తిరగకుండా పగిలిపోతాయని బడిపిల్లలకు కూడా తెలుసు. బుద్ధుందా నీకు అని ఆయన కర్రతో నేలను బాదుతాడని, సన్నటి టైరు, ఎత్తైన రబ్బరు అంటూ కాఫీ చల్లారేదాకా తిడతాడని ఐరి ఆశగా ఎదురుచూస్తూ నిలబడింది.

కౌకో ఎడమచేత్తో చెంచా తిప్పుకుంటూ, "బాగుంటాయి. నీకు నచ్చితే అవే వేయించుకో," అన్నాడు.

ఐరి గిన్నె కింద పెట్టి, కోటు కూడా వేసుకోకుండా వాకిట్లోకి వెళ్ళింది. కారులో కూర్చుని తలుపు వేసుకుని, ఇంట్లోకి వినపడకుండా ఏడ్చింది.