మీసం మీద రెండు నిమ్మకాయలు

మా ఊరి సెంటర్లో ఉన్న విగ్రహానికి మీసం పెట్టింది నేనే. శిల్పి చేతులతో చేశాడు, నేను నోటితో చేశాను.

తెల్లదొరల కాలంలో పన్ను కట్టొద్దని ఊరందరినీ కూడగట్టి, జైలుకెళ్లి అక్కడే పోయిన రైతు ఆయన. స్వాతంత్ర్యం వచ్చి యాభయ్యేళ్లయిందని ఊళ్లోవాళ్లు విగ్రహం తలపెట్టారు. మార్టూరు నుంచి గ్రానైట్ దిమ్మె వచ్చింది. ఫొటో మాత్రం ఎవరి దగ్గరా లేదు.

"మొహం ఎట్టా ఉంటదో చెప్పకపోతే నేనేం చెయ్యనండీ?" అన్నాడు శిల్పి.

మా తాత ఆయన దగ్గర అరక తోలినవాడు. అందుకని అందరూ నా వైపు చూశారు. తాత ఆ మొహం గురించి ఒక్క ముక్క చెప్పి పోలేదు. కానీ అంతమంది వినడానికి సిద్ధంగా ఉంటే ఊరుకోవడం నా వల్ల కాదు.

"మీసమండీ! ఒక్కో కొస మీద ఒక్కో నిమ్మకాయ నిలబెట్టి పొలానికెళ్లేవాడంట!"

శిల్పి శ్రద్ధగా రాసుకున్నాడు.

ఆవిష్కరణ రెండు రోజులుందనగా ఆ రైతు కూతురి నుంచి కబురొచ్చింది. అలాంటి మనిషి ఒకరు మిగిలి ఉన్నారనే మాకు తెలియదు. డెబ్బై దాటాయట. "నాన్న పోయేనాటికి నాకు ఆరేళ్లు. ఒక్కసారి ఆ మొహం చూసుకుంటాను" అన్నదట. నాకు అన్నం సయించలేదు.

విగ్రహం లారీలో గీసుకుపోకుండా మిరపకాయల గోతాలు చుట్టి తెచ్చాం. విప్పడం మరిచి వాటి మీదే పట్టుగుడ్డ కప్పేశాం. ముఖ్య అతిథి తాడు లాగాడు. గుడ్డతోపాటు గోతాలూ జారి, కారం దుమ్ము గుప్పున లేచింది. అతిథి తుమ్మాడు, మైకు తుమ్మింది, చిలకలూరిపేట దాకా లారీ డ్రైవర్లంతా తుమ్మారు. జనం కంటతడి పెట్టారని మర్నాడు పేపర్లో వేశారు.

కూతురు కొంగుతో కళ్లొత్తుకుంటూ దిమ్మె దగ్గరికెళ్లి తలెత్తి చూసింది. నేను మెల్లగా జారుకోబోయాను.

"ఒరేయ్ అబ్బాయ్, ఇట్రా! ఈ మీసం, నిమ్మకాయలూ చెప్పింది నువ్వేనంటగా?"

"మా తాత చెప్పాడండీ..."

"మా నాన్నకి మీసమెక్కడిదిరా?"

ఇక దాచి లాభం లేదు. "అబద్ధమేనండీ. రేపే తీయించేస్తాను."

"ఆగు. నేను పుట్టినప్పుడు ఉండేదంట. ముద్దు పెట్టుకుంటే గుచ్చుకుని గుక్కపట్టి ఏడ్చేదాన్నంట. అందుకని గొరిగించేశాడని అమ్మ చెప్పేది." ముక్కు తుడుచుకుని మళ్లీ పైకి చూసింది. "మొహం ఆయనదో కాదో నేనూ చెప్పలేనురా, మరుపొచ్చింది. మీసం మటుకు నా మూలంగా పోయిందే. ఇన్నాళ్లకి పెంచుకున్నాడు, ఉండనీ."

కారానికో మరి దేనికో, ఏడుస్తూనే నవ్వింది.

"నిమ్మకాయలు మాత్రం అబద్ధమేగా?"

"అవునండీ."

"పోనీలే, ఒకటి నిలబడేదేమో."

అప్పట్నుంచి నేను ఒక్క నిమ్మకాయే చెబుతున్నాను.